ఆదివారం భోజనం అయ్యేదాకా

తలుపు మీద ఎవరో మెల్లగా తట్టారు. లయొనెల్ సోఫా మీంచి ఒక్క ఉదుటున లేచాడు.

"టీ! టీ వచ్చేసింది!" అన్నాడు గుసగుసగా.

"వినపడింది. ఆ దిండు అక్కడే వదిలెయ్యకు. దుప్పటి కూడా పట్టుకురా," అంది గ్వెండా మంచం మీంచి.

రోజంతా ఊళ్ళోవాళ్ళ నోళ్ళు తెరిపించే పళ్ళ డాక్టరు, అరవైకి దగ్గరపడ్డ పెద్దమనిషి, చంకలో దిండు, భుజాన దుప్పటి వేసుకుని గదికి అడ్డంగా పరిగెత్తాడు. హార్కోమ్ హాల్ హోటల్లో నాలుగు స్తంభాల మంచాలు మనిషి నడుమెత్తున ఉంటాయి. ఎక్కడానికి చెక్కపీట వేస్తారు. ఆ పీటకి బొటనవేలు తగిలింది. వచ్చిన కేకని గొంతులోనే మింగి, భార్య పక్కన దుప్పట్లో దూరాడు.

"లోపలికి రండి," అంది గ్వెండా, రాత్రంతా హాయిగా నిద్రపోయినదానిలాగా.

డిల్లిస్ ట్రే పట్టుకుని వచ్చింది. ఏటా వాళ్ళ గదికి పొద్దున్నే టీ తెచ్చేది ఆవిడే. ట్రే బల్ల మీద పెట్టి, కిటికీ తెరలు లాగి, బయట కురుస్తున్న వానని ఒకసారి చూసి నిట్టూర్చింది.

"పెళ్ళిరోజు శుభాకాంక్షలు మేడమ్. మీక్కూడా సర్. ముప్పై ఏళ్ళట కదా! మా పెళ్ళి క్రిస్మస్ దాకా నిలిస్తే గొప్పని మా అమ్మ అంది. ఇప్పటికీ ఆ మనిషి నా నెత్తిమీదే ఉన్నాడు."

"థాంక్యూ డిల్లిస్," అన్నారిద్దరూ ఒకేసారి.

డిల్లిస్ టీ వంచుతున్నంత సేపూ ఇద్దరూ భుజం భుజం ఆనించుకుని పడుకున్నారు. దుప్పటి కింద లయొనెల్ పాదాలు గ్వెండా పాదాలకి తగిలాయి. మంచుముక్కల్లా ఉన్నాయి. పెళ్ళయిన కొత్తలో ఆ పాదాలు తగిలినప్పుడల్లా ఆమె కెవ్వుమనేది, అతను నవ్వేవాడు. ఇప్పుడు ఆమె కదల్లేదు. ఇంకాస్త సేపు అలాగే ఉంటే బావుణ్ణని, డిల్లిస్ పాలు పొయ్యడం మర్చిపోయి మళ్ళీ మొదలుపెడితే బావుణ్ణని అనుకుంది.

డిల్లిస్ ఏమీ మర్చిపోలేదు. తలుపు మూసుకుంది. లయొనెల్ వెంటనే పాదాలు వెనక్కి తీసుకున్నాడు.

"సారీ. చల్లగా ఉన్నాయి."

"ఫర్వాలేదు," అంది గ్వెండా. ఫర్వా ఉంది. చాలా ఉంది. కానీ ఆ మాట ఆమెకి నోరు తిరగదు.

శుక్రవారం సాయంత్రం ఇక్కడికి వస్తూ దారిలో పెట్రోలు కోసం ఆగారు. లయొనెల్ తల్లి బెరిల్ కర్ర ఊతంతో పిప్పరమెంట్లు కొనుక్కోవడానికి దుకాణంలోకి వెళ్ళింది. ఆవిడ అటు వెళ్ళగానే లయొనెల్ కారు పక్కన నిలబడి, "గ్వెండా, నేను ఇంట్లోంచి వెళ్ళిపోదామనుకుంటున్నాను. వేరే ఉంటాను," అన్నాడు. బెరిల్ తిరిగొచ్చేసరికి ఇద్దరూ సీటు బెల్టులు పెట్టుకుని కూర్చున్నారు.

వెనక్కి తిరిగి ఇంటికి పోవచ్చు. కానీ హోటలు యజమానురాలు మిసెస్ ప్రిచర్డ్ ఈ దంపతుల ముప్పయ్యో పెళ్ళిరోజుకని కేకు చేయించింది. బెరిల్ పనిగట్టుకుని జుట్టు సెట్ చేయించుకుంది. కూతురు ఇమోజెన్ లీడ్స్ నుంచి రైలెక్కేసింది. ఇంతమందిని ఇబ్బంది పెట్టడం మర్యాద కాదని భార్యాభర్తలిద్దరూ ఒప్పుకున్నారు. ఆదివారం భోజనం అయ్యేదాకా ఎవరికీ చెప్పకూడదనుకున్నారు. మిన్ను విరిగి మీద పడ్డా, వస్తామన్న భోజనానికి రాలేమని కబురు పెట్టడం ఆ కుటుంబంలో ఎవరికీ చేతకాదు.

గ్వెండా ఒప్పుకోవడానికి ఇంకో కారణం ఉంది. రెండు రాత్రులు. ఒకే గదిలో రెండు రాత్రులుంటే మనసు మారకపోతుందా అనుకుంది. రెండు రాత్రులూ సోఫాకే పోయాయి.

"ఇంతకీ ఎవరు చెప్తారు?" అని అడిగింది, కప్పులోకి చూస్తూ.

"ఇమోజెన్‌కి నేను చెప్తాను. అమ్మకి... అమ్మకి నువ్వు చెప్తే బావుంటుందేమో."

"నువ్వు నన్ను వదిలేసి పోతున్నావని మీ అమ్మకి నేను చెప్పాలా?"

"నువ్వయితే నెమ్మదిగా చెప్తావు. నేను చెప్తే ఆవిడ కంగారుపడుతుంది."

"నేను కంగారుపడలేదా లయొనెల్?"

"నువ్వా? నువ్వు..." అతను నిజంగానే ఆలోచించాడు. "నువ్వు ఆ పిప్పరమెంట్ల డబ్బా మూత తీసి ఆవిడకిచ్చావు."

గ్వెండా కప్పు కింద పెట్టింది. ఆ సమయంలో మూత తియ్యకుండా డబ్బా విసిరికొట్టి ఉండాల్సిందని ఇప్పుడు తెలిసి ఏం లాభం?

"ఎక్కడుంటావు?" అంది.

"కాలువ పక్కన రెండు గదులు చూశాను. మొదటి తారీఖు నుంచి."

చూశాను అన్నాడు. చూస్తాను అనలేదు. ఆ సంగతి గ్వెండా గుండెలో గునపంలా దిగింది. తను ఇంట్లో కూర్చుని ఈ ప్రయాణానికి అతని చొక్కాలు ఇస్త్రీ చేస్తుంటే, అతను వెళ్ళి గదులు చూసొచ్చాడు.

*

బెరిల్ అప్పటికే భోజనాల గదిలో పొగబెట్టిన చేప ముందు పెట్టుకుని కూర్చుంది. ఎనభై నాలుగేళ్ళ మనిషి. మోకాళ్ళు పోయాయి గానీ నోరు చెక్కుచెదరలేదు. భర్త పోయిన ఏడాదే కొడుకింటికి వచ్చేసింది. మొదట్లో అత్తాకోడళ్ళిద్దరూ గిన్నెలు ఎక్కడ సర్దాలన్న దగ్గర ఎడమొహం పెడమొహంగా ఉండేవాళ్ళు. ఇప్పుడు గ్వెండా చేత్తో మాత్ర ఇస్తేనే ఆవిడ మింగుతుంది.

"ఏం లయొనెల్, మెడ అలా పెట్టావు?"

"పట్టేసిందమ్మా. దిండు ఎత్తుగా ఉంది."

"ముప్పై ఏళ్ళ నుంచీ అదే దిండు. ఇవాళ ఎత్తు పెరిగిందా?"

లయొనెల్ అలవాటుగా భార్య వంక చూశాడు.

"కిటికీ తెరిచి పడుకున్నాం బెరిల్. గాలి కొట్టింది," అంది గ్వెండా.

"అక్టోబరులో కిటికీ తెరవడమేమిటి, పిచ్చిపనులు కాకపోతే."

ఇమోజెన్ రొట్టె మీద వెన్న రాస్తూ తల్లి మొహం వంక చూసింది. పాతికేళ్ళు దాటిన పిల్ల, బళ్ళో చిన్నపిల్లలకి పాఠాలు చెప్తుంది. ఎవరు ఏడ్చి వచ్చారో మొహం చూసి చెప్పడం దానికి రోజూ ఉండే పనే.

"మమ్మీ, నీ కళ్ళు ఉబ్బాయేం?"

"ఈకల దిండు నాకు పడదు."

"ఓహో. డాడీకి దిండు ఎత్తు, నీకు ఈకలు పడవు. మీ ఇద్దర్నీ ఈసారి గుర్రాల సాలలో పడుకోబెడదాం."

అందరూ నవ్వారు. పక్క బల్ల దగ్గర కల్నల్ బార్ట్రమ్, ఆయన భార్య కూడా మర్యాదకి చిరునవ్వు నవ్వి పేపరు వెనక్కి వెళ్ళిపోయారు. ఆ దంపతులు కూడా ఏటా ఇదే వారం వస్తారు. ఏటా లయొనెల్ థోర్లీ దంపతులకి తలూపి, వాన గురించి ఒక మాట అని ఊరుకుంటారు. ఇన్నేళ్ళలో ఒకళ్ళ పేర్లు ఒకళ్ళు అడగలేదు. డిల్లిస్ చెప్తే తెలిసింది.

"మీరిద్దరూ నడిచి రండి, ఏటా వెళ్తారుగా," అంది బెరిల్. "మేం చలిమంట దగ్గర కూర్చుంటాం. పెళ్ళిరోజు పూట ముసలిదాని మొహం చూస్తూ ఎందుకు?"

వానొస్తోందని లయొనెల్ అన్నాడు. వాన రానిదెప్పుడని బెరిల్ అంది. దానికి ఇంగ్లండులో ఎవరి దగ్గరా జవాబు లేదు.

*

వాకిట్లో గోడవారన అతిథుల కోసం రబ్బరు బూట్లు వరసగా పెట్టి ఉంటాయి. ఎవరి కాలికి సరిపడ్డవి వాళ్ళు తొడుక్కుని పొలాల్లోకి పోవచ్చు. లయొనెల్ ఆమెకి సరిపోయే జత వెతికి, సాలెపురుగులేమైనా ఉన్నాయేమోనని తిరగేసి దులిపి, ఆమె ముందు పెట్టాడు. ఏటా చేసే పనే. ఇవాళ అది చూస్తుంటే గ్వెండాకి ఒళ్ళు మండింది.

"నా బూట్లు నేను చూసుకోగలను."

"అలవాటు."

"మానుకో. మానుకోవడానికేగా వెళ్తున్నావు."

గొర్రెల పొలంలో బురద తొక్కుకుంటూ సగం దూరం వెళ్ళారు.

"ఎవరామె?" అంది గ్వెండా, ముందుకే చూస్తూ.

"ఎవరు?"

"నన్నడుగుతావేం? నీ క్లినిక్‌లో ఆ కొత్త నర్సా? ఆ ఎర్రజుట్టు పిల్ల?"

"గ్వెండా! ఆ పిల్ల నన్ను వాళ్ళ తాతని చూసినట్టు చూస్తుంది. మెట్లు దిగుతుంటే చెయ్యి పట్టుకోబోతుంది."

"మరెవరు?"

"ఎవరూ లేరు."

"అబద్ధాలాడకు."

"ఎవరూ లేరు గ్వెండా. ఉంటే నీకు చెప్పడం తేలికయ్యేది."

గ్వెండా ఆగిపోయింది. ఇంకో ఆడది ఉందంటే ఆమెకి ఏం చెయ్యాలో తెలుసు. తిట్టిపోసేది, ఏడ్చేది, అక్కకి ఫోన్ చేసేది, కొన్నాళ్ళు మొహం చూసేది కాదు. చివరికి క్షమించేది కూడానేమో. ఎవరూ లేకుండానే ఒక మనిషి తనని వదిలి రెండు గదుల్లోకి పోతానంటే ఎవరితో పోట్లాడాలి?

"ఎవరూ లేకపోవడమే నాకన్నా నయమా?" అంది.

"అలా అనకు."

"ఇంకెలా అనమంటావు?"

పొలం చివర కంచె. దాటడానికి చెక్కమెట్లు ఉన్నాయి. గ్వెండా ఆ తడిమెట్టు మీద చతికిలబడింది. లయొనెల్ కోటు తీసి కింద పరవబోయాడు. వద్దని చేత్తో తోసేసింది.

"చెప్పు. ఎందుకో చెప్పందే నేనిక్కణ్ణించి లేవను."

అతను గొర్రెల వైపు తిరిగాడు.

"మన ఇద్దరం ఒక గుమ్మం ముందు నిలబడి, ముందు నువ్వు వెళ్ళు, కాదు ముందు నువ్వు వెళ్ళు అనుకుంటున్నట్టుంటుంది నాకు. ఇన్నేళ్ళూ. ఇద్దరం లోపలికి వెళ్ళనే లేదు."

"నేను నిన్ను ఏనాడన్నా ఒక మాటన్నానా?"

"అనలేదు. అదే."

"అదేమిటి? అనకపోవడం కూడా తప్పేనా? సరే, అంటాను విను. ఈ హోటలంటే నాకసహ్యం."

లయొనెల్ ఆమె వైపు తిరిగాడు. "ఏమన్నావు?"

"అసహ్యం అన్నాను. ఆ మంచం, దాన్నెక్కడానికో పీట. తడిసిన కుక్కల కంపు. భోజనానికి కంచుగంట కొట్టడం, బళ్ళో పిల్లల్లా మనం లేచి పోవడం. స్నానాల గది బయట గోడకి కొట్టిన ఆ చచ్చిన జింక తల. తువ్వాలు చుట్టుకుని వస్తుంటే నన్నే చూస్తుంది. మొదటి ఏడాది నుంచీ అసహ్యమే."

"మరి ఏటా వేసవిలోనే గది ఖాయం చేశావా, గది ఖాయం చేశావా అని ప్రాణం తీసేది నువ్వు కదా?"

"నీకిష్టమని!"

"నాకా?" లయొనెల్ నోరు తెరుచుకుండిపోయింది. "గ్వెండా, ఆ మంచం మీద నాకు ఒక్కరాత్రి కూడా సరిగ్గా నిద్రపట్టలేదు. నువ్వు ఇష్టపడి వస్తున్నావని నోరు మూసుకున్నాను."

"మొదటి ఏడాది నువ్వే కదా మిసెస్ ప్రిచర్డ్‌తో, జన్మలో ఇంత హాయిగా నిద్రపోలేదని అన్నావు! నేను పక్కనే ఉన్నాను!"

"ఆవిడ ఎలా పడుకున్నారని అడిగింది! ఇంకేమంటాను?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు గ్వెండాకే నవ్వొచ్చింది. ఆపుకుందామనుకుంది గానీ ఆగలేదు. లయొనెల్‌కి ముక్కులోంచి ఒక వింత చప్పుడొచ్చింది. తర్వాత ఇద్దరూ పగలబడి నవ్వారు. ముప్పై అక్టోబరులు! ఇష్టంలేని మంచం మీద, ఇష్టంలేని చేప తింటూ, ఆ జింకకి దణ్ణాలు పెడుతూ! నవ్వి నవ్వి లయొనెల్ ఆమె పక్కన మెట్టు మీద కూలబడ్డాడు. ఆమె అతని భుజానికి తల ఆన్చింది. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. ఎంత నవ్వుకి, ఎంత ఏడుపుకి కారుతున్నాయో ఆమెకే తెలియలేదు.

ఇంతగా నవ్వి ఎన్నాళ్ళయిందో అనుకుంది. ఇలా నవ్వగలిగిన వాళ్ళు విడిపోతారా?

"వచ్చే ఏడు సముద్రం దగ్గరికి పోదాం," అంది, తల ఎత్తకుండానే. "ఏదన్నా చవకబారు చోటికి. చేపా చిప్స్ కాగితంలో తిందాం."

లయొనెల్ లేచి చెయ్యి అందించాడు.

"పద. తడిసిపోతున్నావు."

ఆ చెయ్యి పట్టుకునే మెట్టు దిగింది. పొలం దాటి హోటలు గేటు దాకా అతను చెయ్యి వదల్లేదు. కాదనలేదు కదా, అనుకుంది గ్వెండా. కాదనడానికి కష్టమైనప్పుడు అతను మాట్లాడడన్న సంగతి ముప్పై ఏళ్ళుగా తెలిసిన మనిషే. ఆశపడ్డ మనిషికి తెలిసినవేవీ గుర్తుండవు. గేటు దగ్గర ఆమె జేబులోంచి దువ్వెన తీసి జుట్టు సర్దుకుంది, పెళ్ళికూతురిలాగా.

*

కంచుగంట మోగింది. గ్వెండా నీలం గౌను వేసుకుని, ముత్యాల దండ పెట్టుకుని దిగింది. మెట్ల మీద డిల్లిస్ ఎదురై, "ఎంత బావున్నారు మేడమ్," అంది. ఏటా అనే మాటే. ఇవాళ గ్వెండా దాన్ని నమ్మింది.

కాల్చిన గొడ్డుమాంసం వచ్చింది. లయొనెల్ కత్తి నూరి అందరికీ కోసిపెట్టాడు. గ్వెండాకి అంచున కరకరలాడే ముక్క వేశాడు. అది ఆమెకి ఇష్టమని అతనికి తెలుసు. తెలుసు కదా! మరి ఇద్దరం లోపలికి వెళ్ళనే లేదంటాడేం? ఆ ముక్కని ఆమె ప్రేమగా తింది.

ఇమోజెన్ గ్లాసు పట్టుకుని లేచింది.

"నాకు ఉపన్యాసాలు రావు. ఒక్కటే చెప్తాను. చిన్నప్పుడు నా స్నేహితులందరి ఇళ్ళలో కేకలు వినపడేవి. కొన్నిళ్ళలో ప్లేట్లు కూడా ఎగిరేవి. వాళ్ళు మన ఇంటికొచ్చి పడుకునేవాళ్ళు, గుర్తుందా మమ్మీ? మన ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుందని. మీరిద్దరూ దెబ్బలాడుకోవడం నేనొక్కసారి కూడా వినలేదు. మమ్మీకి, డాడీకి!"

"మమ్మీకి, డాడీకి!" అంది బెరిల్ కూడా, ఎవరికి ఏమవుతారో చూసుకోకుండా, గ్లాసెత్తి.

లయొనెల్ గ్లాసు అందుకోబోయి ఉప్పుడబ్బా అందుకున్నాడు. గ్వెండా మాత్రం నవ్వుతూ గ్లాసెత్తింది. ఈ గండం గడిస్తే ఇక రోజూ దెబ్బలాడుకుందాం అనుకుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి.

కేకు కోశారు. దాని వెనకే ఆపిల్ క్రంబుల్, ఆపిల్ ముక్కల మీద పిండి చల్లి కాల్చిన తీపి, వచ్చింది. కస్టర్డ్ జగ్గు స్వయంగా పట్టుకుని మిసెస్ ప్రిచర్డ్ వచ్చింది. ఏటా ఆవిడ ఆ ఒక్క జగ్గూ తనే తెస్తుంది. అది బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడితే, వచ్చే ఏడాది గది సంగతి అడగబోతోందని అర్థం.

"మరి మిస్టర్ థోర్లీ, వచ్చే ఏడాదికి అదే గదేనా? అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు. మీది మాత్రం ఎవరికీ ఇవ్వనన్నాను."

గ్వెండా చెంచా పక్కన పెట్టింది. గదిలో ఉన్న మనుషులందరూ, మంటా, వానా, ఎక్కడికో పోయారు. లయొనెల్ పెదాలే కనపడ్డాయి.

లయొనెల్ తల ఎత్తి చక్కగా నవ్వాడు.

"తప్పకుండా మిసెస్ ప్రిచర్డ్. అదే వారం, అదే గది. ఆ మాట అడగాలా?"

గ్వెండాకి ఒక్కసారిగా ఒళ్ళంతా తేలికైపోయింది. ఉంటున్నాడు! ఈ వెధవ మంచం మీద ఇంకో ముప్పై ఏళ్ళు పడుకోమన్నా పడుకుంటాను, ఆ జింకకి ముద్దు కూడా పెడతాను అనుకుంది. బల్ల కింద అతని చెయ్యి వెతికి గట్టిగా పట్టుకుంది.

లయొనెల్ ఆ చేతిని రెండుసార్లు తట్టాడు. సూదిమందు వెయ్యబోతూ భయపడే రోగిని తట్టినట్టు. ఆమె చెవి దగ్గరికి వంగాడు.

"కంగారుపడకు. మంగళవారం ఫోన్ చేసి వద్దని చెప్పేస్తాలే."

గ్వెండా చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఏడుపు రాలేదు. కోపం కూడా రాలేదు. లోపల ఎక్కడో ఇన్నాళ్ళూ మర్యాదగా నిలబడ్డదేదో ఇక నిలబడలేనంది. మిసెస్ ప్రిచర్డ్ వెనక్కి తిరుగుతోంది.

"మిసెస్ ప్రిచర్డ్," అంది గ్వెండా. గొంతు ఆమె అనుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది. "మా గది ఇంకెవరికన్నా ఇచ్చెయ్యండి. మేం రాం. లయొనెల్ నన్ను వదిలేసి వెళ్ళిపోతున్నాడు."

గదిలో చెంచాల చప్పుడు ఆగింది. ఒక్క క్షణమే.

మళ్ళీ మొదలైంది. పక్క బల్ల దగ్గర కల్నల్ బార్ట్రమ్ గొంతు సవరించుకుని, "పడమటి వైపు తెరిపిస్తున్నట్టుంది," అన్నాడు. "అవును, కాస్త వెలుగొస్తోంది," అంది ఆయన భార్య. మిసెస్ ప్రిచర్డ్ నిమ్మకు నీరెత్తినట్టు కస్టర్డ్ జగ్గు పిడిని లయొనెల్ వైపు తిప్పి, "చల్లారకముందే వేసుకోండి," అని మంట దగ్గరికి వెళ్ళి కట్టెలు సర్దసాగింది. ఎవరూ ఏమీ విననట్టే ఉన్నారు. ఇలాంటప్పుడు విననట్టుండడమే వాళ్ళకి తెలిసిన దయ. జీవితంలో మొదటిసారి ఒళ్ళెరక్క అరిచిన గ్వెండాకి ఆ దయ చెంపదెబ్బలా తగిలింది.

"డాడీ?" అంది ఇమోజెన్. చిన్నపిల్ల గొంతుతో అంది. "నిజమేనా?"

"ఇది ఇక్కడ మాట్లాడే విషయం కాదు."

"నిజమా కాదా?"

"భోజనం అయ్యాక చెబుదామనుకున్నాం," అన్నాడు లయొనెల్, తన క్రంబుల్ వంక చూస్తూ. "మీ అమ్మా నేనూ ఒప్పుకున్నాం."

"ఒప్పుకున్నారా!" ఇమోజెన్ కుర్చీ వెనక్కి తోసింది. "ఇందాక నేను నిలబడి ఆ ముక్కలన్నీ వాగుతుంటే మీరిద్దరూ గ్లాసులెత్తారా? మమ్మీ, నువ్వు నవ్వావు! నా కళ్ళలోకి చూసి నవ్వావు!"

"ఇమోజెన్, నేను..."

"నన్ను ముట్టుకోకు."

పిల్ల లేచి వెళ్ళిపోయింది. తలుపు మాత్రం చప్పుడు కాకుండా వేసింది. అలా పెంచారు మరి.

గ్వెండా కూడా లేవబోయింది. అప్పుడు బెరిల్ చెయ్యి ఆమె మణికట్టు మీద పడింది. మచ్చలు తేలిన, సన్నటి, వణికే చెయ్యి. మొన్నటికి మొన్న గ్వెండాయే ఆ గోళ్ళు కత్తిరించింది.

"నేనో మాటడగనా?" అంది బెరిల్.

ఏ తిట్టు వస్తుందో, ఎవరికి వస్తుందోనని ఇద్దరూ బిక్కచచ్చి చూశారు. కానీ ఆవిడ గొంతులో రోజూ ఉండే కారం లేదు. సెట్ చేయించుకున్న జుట్టు కింద మొహం ఒక్కసారిగా ఎంతో ముసలిదైపోయింది.

"మీరు విడిపోతే విడిపోండి. అది మీ ఇష్టం. మరి నేనెవరి దగ్గరుండాలి?"

లయొనెల్ తల్లి వంక చూడలేదు. గ్వెండా వంక చూశాడు. పొద్దున మెడ నొప్పి గురించి అడిగినప్పుడు చూసినట్టే చూశాడు.

నా దగ్గర, బెరిల్, ఇంకెక్కడ అన్న మాట గ్వెండా నాలుక చివరిదాకా వచ్చింది. అబద్ధం కూడా కాదు. ఈ ముసలిదాన్ని ఆమె ప్రేమిస్తోంది. కానీ ఆ ఒక్క మాట అన్నదా, అతనికి కాలువ పక్కన రెండు గదులు, తనకి అతని ఇల్లు, అతని తల్లి, అంతా సక్రమంగా పంపకమైపోతుంది. అనలేదా, ఈ చెయ్యి ఏమవుతుంది?

ఆమె లయొనెల్ వైపు తిరిగింది. నీ తల్లి అడుగుతోంది, ఈ ఒక్కసారి నువ్వు చెప్పు అన్నట్టు చూసింది.

అతను అప్పటికే, ఆమె జవాబు చెప్పేసినట్టుగా, తేలికపడ్డ మొహంతో కస్టర్డ్ జగ్గు అందుకుంటున్నాడు.

గ్వెండా నోరు మూసుకుంది. బెరిల్ ఆమె మణికట్టు వదలకుండా, జవాబు కోసం ఆమె మొహంలోకే చూస్తోంది.